ఈ నినాదం ఎవరి చెవికి?

సోమవారం పొద్దున పదిన్నరకు ఒంగోలులో ప్రకాశం భవనం గేటు ముందు నిలబడితే జిల్లా కష్టాలన్నీ ఒకేచోట కనబడతాయి. లోపల అర్జీలు తీసుకునే కార్యక్రమం నడుస్తుంటుంది. పొలం కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి చంకలో ఇరికించుకున్న ముసలాయన, పింఛను ఆగిపోయిన అవ్వ, చెట్టు కింద స్టూలు వేసుకుని అర్జీలు రాసిపెట్టే మనిషి చుట్టూ ఐదారుగురు. గేటు బయట షామియానాలు. ఒక పత్రికకు విలేకరిగా పనిచేసిన రోజుల్లో అక్కడ నేను గడిపిన సోమవారాలకు లెక్కలేదు.

ఓ ఎండాకాలం సోమవారం రెండు శిబిరాలు పక్కపక్కనే పడ్డాయి. ఎడమవైపు ఒక ఉద్యోగ సంఘం. జెండాలు, మైకు, ఫ్లెక్సీ, వరసగా నలుగురు వక్తలు. కుడివైపు ఒక కాలనీ ఆడవాళ్లు, మంచినీళ్ల కోసం వచ్చారు. వాళ్లకు మైకు లేదు. ఖాళీ బిందెలు తెచ్చి గేటు దగ్గర్నుంచి రోడ్డు దాకా బారుగా పెట్టారు, వీధి కుళాయి దగ్గర వంతు పెట్టినట్టే. ఎవరి బిందె పక్కన వాళ్లు కూర్చున్నారు. టెంట్‌హౌస్ కుర్రాడు నా పక్కకొచ్చి, "అన్నా, ఆ పక్కవాళ్లు వంద కుర్చీలు చెప్పారు, రెండు గంటలకి. ఈళ్లు కుర్చీలే వద్దన్నారు. నా బేరం పోయింది" అన్నాడు.

ఎడమవైపు వాళ్లు ఒంటిగంటకల్లా లోపలికెళ్లి వినతిపత్రం ఇచ్చి, ఫొటో దిగి, వెళ్లిపోయారు. కుడివైపు వాళ్ల సంగతి చివర్లో చెబుతాను.

అప్పట్నుంచి నాకో అలవాటు పట్టుకుంది. ఏ ధర్నా చూసినా వీళ్ల డిమాండ్ ఏంటి అని కాకుండా, ఇది ఎవరికి వినబడాలని చేస్తున్నారు అని చూడటం. మైకు కలెక్టరేట్ వైపే తిరిగి ఉంటుంది. మాట మాత్రం చాలాసార్లు ఇంకెవరికోసమో ఉంటుంది. ఆ ఉద్యోగ సంఘం సభనే తీసుకోండి. దానికి అసలు శ్రోతలు కలెక్టరూ కాదు, ప్రభుత్వమూ కాదు, చందా కట్టిన సభ్యులు. సంఘం బతికే ఉంది, మన కోసం అరుస్తోంది అని వాళ్లకు తెలియాలి. అందులో తప్పేమీ లేదు. కాకపోతే దాన్ని ప్రభుత్వం మీద ఒత్తిడి అనుకుంటేనే లెక్క తప్పుతుంది.

తెలుగువాళ్లం గనక శ్రోత ఎవరో పట్టుకోవడానికి మనకో తేలికైన ఆనవాలు ఉంది. నినాదంలో ‘మా’ ఉందా, ‘మన’ ఉందా చూస్తే చాలు. ‘మా భూములు మాకే’ అన్నప్పుడు వింటున్నవాడు బయటివాడు. ‘మన ఊరి చెరువు’ అనగానే వింటున్నవాడు కూడా లోపలికి వచ్చేస్తాడు, అతనికి ఇష్టం ఉన్నా లేకపోయినా. హిందీవాళ్లకు ఈ వెసులుబాటు లేదు, ఒక్క ‘హమ్’తోనే రెండు పనులూ చేసుకోవాలి. అధికారిని నిలదీసేటప్పుడు ‘మా’ పనికొస్తుంది, పక్కింటివాణ్ని కలుపుకునేటప్పుడు ‘మన’ పనికొస్తుంది. పక్క ఊరి మద్దతు అడగడానికి వెళ్లి గంటసేపు ‘మా సమస్య, మా న్యాయమైన డిమాండ్లు’ అని మాట్లాడి, చివర్లో కండువా దులుపుకుని ఒంటరిగా తిరిగొచ్చిన నాయకుల్ని చూశాను. ఇక అర్జీలో ఈ రెండూ ఉండవు. అక్కడ ‘తమరు’ ఒక్కటే ఉంటుంది, ‘దయతలచి’ పక్కన.

ఒప్పించడం ఎన్ని మెట్లుగా జరుగుతుందో మన జిల్లాల్లో చూడాలంటే దూబగుంట దగ్గరే ఆగాలి. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని ఆ ఊరి పేరు చెప్పగానే సారా వ్యతిరేక ఉద్యమంలో ముందు నిలిచిన రోసమ్మ గుర్తొస్తుంది, చీపుర్లు గుర్తొస్తాయి, సారా దుకాణం మీద దాడి గుర్తొస్తుంది. ఆ కథ మొదలైంది దుకాణం దగ్గర కాదు, రాత్రిబడిలో. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కార్యక్రమం పెద్ద ఎత్తున నడిచింది. పొద్దంతా కూలి చేసొచ్చిన ఆడవాళ్లు లాంతరు వెలుతురులో పలక పట్టుకుని కూర్చున్నారు. వాళ్లకిచ్చిన పాఠాల్లో సీతమ్మ కథ అని ఒకటుంది, తాగుడు ఒక ఇంటిని ఏం చేస్తుందో చెప్పే కథ.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. మద్యపానం మానండి అని గోడ మీద రాస్తే చదివేవాడు తలతిప్పి వెళ్లిపోతాడు. వేదికెక్కి చెబితే చప్పట్లు కొడతారు. అదే మాటను, అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న మనిషి తన వేలు తనే జరుపుకుంటూ చదివితే? ‘సీ’, ‘త’, ‘మ్మ’ అని ఒక్కో అక్షరం పలికి, మాట చేసి, ఆ మాటకు అర్థం తెలిసేసరికి ఆ సీతమ్మ తనే అయి ఉంటుంది. పైగా పక్కన కూర్చున్నవాళ్లంతా అదే చదువుతున్నారు. నిన్నటిదాకా ఎవరింట్లో వాళ్లు దాచుకున్న ఏడుపు ఆ రాత్రి పాఠమైపోయింది, అందరూ మాట్లాడుకోదగ్గ సంగతి అయిపోయింది. ఉపన్యాసం చెయ్యలేనిది ఇదే.

దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. తర్వాత జరిగింది ఇంకా తెలివైన పని. ఆ సంఘటనే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మిగతా ఊళ్ల రాత్రిబడులకు వెళ్లింది. ఆ పేరులో ‘మా’ లేదు, ‘మన’ కూడా లేదు. ఏకమైతే ఏమవుతుందో చెప్పకుండా మాట సగంలో ఆగిపోతుంది, మిగతాది చదివిన ఊరు పూరించుకోవాలి. పక్క ఊరివాళ్లు చేసి చూపించారు గనక ‘అయ్యేపనేనా’ అన్న అనుమానానికి తావు లేదు. ఏ నాయకుడూ తిరక్కుండా ఉద్యమం ఊరి నుంచి ఊరికి నడిచింది.

రెండో మెట్టు ఇంట్లోవాడు. తాగొచ్చిన మగాడికి గుండు గీయించి గాడిద మీద ఊరేగించడం, సారా ప్యాకెట్లు తెచ్చినవాడి మీదికి కారం, చీపుర్లు పట్టుకుని వెళ్లడం ఆ రోజుల్లో చాలాచోట్ల జరిగాయి. ఇప్పుడు తల్చుకుని నవ్వుకుంటాం గానీ ఇదొక పద్ధతి, దాని పని సిగ్గు పుట్టించడం. సిగ్గు అనేది ముఖాలు తెలిసినచోటే పనిచేస్తుంది. మర్నాడు అదే రచ్చబండ దగ్గర, అదే టీ కొట్టు దగ్గర నలుగురి ముందూ తిరగాల్సినవాడికే అది తగులుతుంది. ఒంగోలు బస్టాండులో ముక్కూమొహం తెలియని తాగుబోతుకు గుండు గీయిస్తే సిగ్గు కాదు, కేసు అవుతుంది. ఈ పద్ధతిలో అవమానం హద్దు దాటే ప్రమాదం కూడా ఉంది, అది ఒప్పుకోవాలి.

మూడో మెట్టు అసలైనది. సారా అమ్మకం అప్పట్లో దొంగ వ్యాపారం కాదు, ప్రభుత్వ ఆదాయం. ఎనభైల్లో వారుణి వాహిని పేరుతో సర్కారే సారాను ఊరూరికీ చేర్చింది. దుకాణాలను కాంట్రాక్టర్లు వేలంలో పాడుకునేవాళ్లు. దుకాణాలు ఊరూరా ఉంటాయి, ఒకటి మూయిస్తే సందు చివర ఇంకోటి తెరుచుకుంటుంది. వేలం మాత్రం జిల్లా కేంద్రంలో ఒకచోట జరుగుతుంది. ఆడవాళ్లు ఊళ్ల నుంచి నెల్లూరుకు కదిలి ఆ వేలాన్నే అడ్డుకున్నారు. 1992లో వేలంపాట మళ్లీమళ్లీ వాయిదా పడింది. అప్పటిదాకా మొగుడితో, కొట్టువాడితో మాట్లాడిన ఉద్యమం మొదటిసారి ఖజానాతో మాట్లాడింది, అది కూడా ఖజానాకు అర్థమయ్యే భాషలో. ఈనాడు ఈ ఉద్యమానికి ప్రత్యేకంగా పేజీలు ఇవ్వడంతో నెల్లూరు మాట మిగతా జిల్లాలకూ చేరింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

ఇక్కడిదాకా చెప్పి ఆపేవాళ్లే ఎక్కువ. తర్వాత జరిగింది కూడా ఈ లెక్కలో భాగమే. సారా పోయింది, బ్రాందీ విస్కీలు మిగిలాయి. సంపూర్ణ నిషేధం ఎన్నికల హామీ అయింది. 1994 డిసెంబరులో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే ఆ ఫైలు మీద సంతకం పెట్టారు, 1995 జనవరి 16 నుంచి అమలైంది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఎత్తేసింది. ఎత్తేసినప్పుడు, వేలం రోజున నెల్లూరులో కనబడినంత జనం మళ్లీ కనబడలేదు. జనం మోసపోయారు అనో, ఆడవాళ్లు అలిసిపోయారు అనో రాస్తుంటారు. నాకు వేరే సంగతి కనబడుతుంది. సారా ప్యాకెట్ ఊళ్లోకి ఎవరు తెస్తారో ఊరికి తెలుసు, దాన్ని ఆపడం వాళ్ల చేతిలో పని. తడ దాటితే తమిళనాడు. అక్కణ్నుంచి లారీ అడుగున వచ్చే సీసాను దూబగుంట ఆడవాళ్లు ఏ చీపురుతో ఆపుతారు? పని వాళ్ల చేతిలోంచి చెక్‌పోస్టు చేతిలోకి పోయింది. శ్రోత కూడా మారిపోయాడు. మొగుడు, కొట్టువాడు, కలెక్టరు పోయి, ఐదేళ్లకోసారి మాత్రమే వినే పార్టీ మిగిలింది.

2008 నుంచి నెల్లూరు జిల్లా పేరుకు ముందు పొట్టి శ్రీరాములు పేరు ఉంది. ఆయన పూర్వీకులది చాలాకాలం ప్రకాశం జిల్లాలో ఉన్న కనిగిరి ప్రాంతం గనక ప్రకాశం వాళ్లు కూడా మావాడే అంటారు. ఆయన జీవితంలో ఒప్పించే పద్ధతులు మూడు కనబడతాయి, ఒక్కోదానికి ఒక్కో ఫలితం. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని దీక్షకు కూర్చున్నారు. గుడి తలుపులు తెరుచుకున్నాయి. తర్వాతి కాలంలో హరిజన సేవ గురించి రాసిన అట్టలు మెళ్లో వేసుకుని, చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా నెల్లూరు వీధుల్లో మిట్టమధ్యాహ్నం ఎండలో తిరిగారు. నెల్లూరు ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. చూసినవాళ్లు పిచ్చివాడన్నారు. ఇక 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్ష మొదలుపెట్టారు. 58 రోజులకు, డిసెంబరు 15 రాత్రి, ప్రాణం పోయింది.

మనిషి ఒక్కడే, పట్టుదలా ఒక్కటే. మూలాపేటలో పనిచేసింది ఎండలో ఎందుకు పనిచెయ్యలేదు? మూలాపేట దీక్ష మాట్లాడింది పదిమందితో, గుడి పెద్దలతో. వాళ్లు ఆయన్ని ఎరుగుదురు. చెయ్యాల్సిన పని ఒక్కటే, తలుపు తీయడం. చెయ్యకపోతే ఏమవుతుందో రోజూ కళ్లముందే కనబడుతోంది. మెళ్లో అట్ట మాట్లాడింది దారినపోయే ప్రతివాడితో. అందరితో మాట్లాడింది గనక ఎవరికీ తనతోనే అంటున్నట్టు అనిపించలేదు. అడిగింది కూడా బుద్ధి మార్చుకోమని. ఎప్పటిలోగా మార్చుకోవాలి, మార్చుకున్నట్టు ఎలా చూపించాలి? అట్ట మీద అది ఉండదు గదా.

మద్రాసు దీక్షలో శ్రోత ఢిల్లీలో ఉన్నాడు. అంతకు ముందు ఏడాదే ఆంధ్ర రాష్ట్రం కోసమే స్వామి సీతారాం 35 రోజులు దీక్ష చేసి, వినోబా భావే మాట మీద విరమించారు. దాంతో ఢిల్లీకి ఒక పాఠం తెలిసింది, ఈ దీక్షలు ఆగుతాయని. డిసెంబరు మొదట్లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి రాసిన ఉత్తరంలో కూడా ఈ దీక్షను పట్టించుకోదలచుకోలేదనే నెహ్రూ రాశారు. అంటే ఆకలి ఆయన్ని ఒప్పించలేదు. శ్రీరాములు పోయాక రైళ్లు ఆగాయి, ఊళ్లు భగ్గుమన్నాయి, కాల్పుల్లో మనుషులు పోయారు. డిసెంబరు 19న ప్రకటన వచ్చింది. ఢిల్లీ విన్నది ఆ జనాన్ని. దీక్ష ఆ జనాన్ని లేపింది, అంతవరకే దాని పని. మద్రాసు నగరం మాత్రం రాలేదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది.

ఈ చరిత్ర నెత్తిన పెట్టుకున్న జిల్లాలో ఇప్పుడు రిలే నిరాహార దీక్షలు జరుగుతాయి. పొద్దున పదింటికి దండలు వేస్తారు, సాయంత్రం ఐదింటికి నిమ్మరసం ఇస్తారు. ఇంట్లో టిఫిన్ చేసొచ్చి కూర్చున్నవాణ్ని కూడా చూశాను. వెటకారం కోసం చెప్పడం లేదు. రిలే దీక్ష అనేది ఆకలితో చేసే బెదిరింపు కాదు, వంతులవారీగా హాజరు వేయించుకోవడం. రోజుకో ఊరు, రోజుకో శాఖ వంతు తీసుకుంటే వంద రోజుల తర్వాత కూడా టెంటు నిలబడి ఉంటుంది. దాన్ని అలా చూస్తే అదీ పనికొచ్చేదే.

చీరాల సంగతి వేరు. ఆ ఊరు అప్పట్లో గుంటూరు జిల్లా, 1970 నుంచి ఒంగోలు జిల్లా (దానికే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు), 2022 నుంచి బాపట్ల. జిల్లా గీతలు ఎన్నిసార్లు మారినా ఊరు కదల్లేదు, ఒక్క 1921లో తప్ప. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచారు. నేతగాళ్లు, చిన్న రైతులు మోయలేమన్నారు. అర్జీలు పెట్టుకున్నా పని జరగలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వాళ్లకు నాయకుడు, రామదండు ఆయన సైన్యం. 1921 ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చి రెండు దారులు చెప్పారు: పన్ను కట్టకుండా శాంతంగా నిలబడటం, లేదా ఊరు వదిలిపోవడం. జనం రెండోది పట్టుకున్నారు. వేలమంది ఇళ్లకు తాళాలేసి, మునిసిపల్ హద్దు దాటి, పాకలు వేసుకుని, దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. పదకొండు నెలలు అక్కడే ఉన్నారు.

ఊహ ఎంత బాగుంది! పన్ను వేసేవాడికి ఇల్లు కావాలి, ఇంట్లో మనిషి కావాలి. మనిషి లేకపోతే నోటీసు తలుపుకు అంటించి పోవాలి. మాటల్లేకుండా చెప్పిన జవాబు అది. ఈ పద్ధతిలో ఉన్న లోపం కూడా అక్కడే బయటపడింది. ఖాళీ ఇంటి వల్ల సర్కారుకు పోయింది కొంచెం, పాకలో ఉన్నవాడికి పోయింది బోలెడు. ఎండ, వాన, పిల్లలు, పోగు వెయ్యని మగ్గం. నాయకుణ్ని బరంపురంలో పట్టుకుని ఏడాది జైలుకు పంపారు. చందాలు తగ్గాయి. సర్కారు కాచుక్కూర్చుంది. జనం తిరిగి ఇళ్లకు వచ్చారు. ఒక పక్షం నెలకు ఇంత అని పోగొట్టుకుంటూ, రెండో పక్షం ఏమీ పోగొట్టుకోకుండా కాలక్షేపం చేయగలిగితే ఎంత గొప్ప నిరసనైనా గడియారం చేతిలో ఓడిపోతుంది. అయినా రామనగరాన్ని విన్నవాళ్లు ఉన్నారు. ఆంధ్రదేశంలో సహాయ నిరాకరణకు చీరాల ఒక గుర్తు అయింది. అడిగిన చెవి వినలేదు, పక్క చెవి విన్నది.

అరవై నాలుగేళ్ల తర్వాత అదే చీరాలకు ఇంకో ఊరివాళ్లు వచ్చారు, ఈసారి ఎంచుకుని కాదు. 1985 జులై 17న కారంచేడులో దళితుల మీద దాడి జరిగింది, ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఊరికి తిరిగి వెళ్లండి, సర్దుకుందాం అనే మాట ఇలాంటి సందర్భాల్లో మామూలుగా వినబడేదే. వాళ్లు వెళ్లలేదు. పారిపోయి వచ్చిన శిబిరం, వెళ్లబోమని కూర్చున్న రోజు నుంచి నిరసన శిబిరం అయింది. అది కారంచేడు పెద్దల్ని ఒప్పించడానికి పెట్టింది కాదు, వాళ్లను శ్రోతలుగా లెక్కేయడమే మానేసింది. రాష్ట్రంలో ఉన్న ప్రతి పల్లెలోని దళితుడు దానికి శ్రోత. ఆ సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది, కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందు నిలిచారు. 1989లో వచ్చిన ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ కారంచేడు పేరు చెబుతారు. సుప్రీంకోర్టు తుది తీర్పు రావడానికి 2008 దాకా పట్టింది. రామనగరం తిరిగి ఇంటికి వెళ్లాలన్న ఆశ మీద నిలబడింది గనక రోజులు గడిచేకొద్దీ బలహీనపడింది. కారంచేడు శిబిరం తిరిగి వెళ్లకపోవడం మీద నిలబడింది, రోజులు గడిచేకొద్దీ బలపడింది.

రోడ్డు మీదికి వద్దాం. 2025 జూన్ చివర్లో ఉలవపాడు మండలం కరేడు రైతులు చెన్నై-కోల్‌కతా హైవే మీద కూర్చున్నారు. ఒక సోలార్ ఫ్యాక్టరీ కోసం ఎనిమిది వేల ఎకరాలకు పైగా సేకరించాలన్న నిర్ణయం మీద వాళ్ల కోపం. రాస్తారోకో గురించి నాకు మొదట్నుంచీ ఒక అనుమానం ఉంది. ఆగిన లారీలో ఉన్న డ్రైవరు ఏ పాపం ఎరుగడు. అతనికి రైతు బాధ అర్థమయ్యే లోపు ఇంజను వేడెక్కుతుంది, బుర్ర కూడా వేడెక్కుతుంది. రాస్తారోకో చూసేవాణ్ని ఒప్పించదు, ‘మేమిక్కడున్నాం’ అని టీవీకీ పోలీసుకూ చెబుతుంది. అది గంట పని. రెండో గంట నుంచి సానుభూతి ఖర్చవుతూ ఉంటుంది. ఆ ఊరివాళ్లు అక్కడే ఆగలేదు, గ్రామసభలో లేచి ఇవ్వబోమని అధికారుల ముఖం మీదే చెప్పారు. నాకు నచ్చింది వాళ్ల వాదన. పరిహారం ఎంతిస్తారు అన్న దగ్గర మొదలుపెట్టలేదు. మా భూమి బీడు కాదు, పంటలు పండే నేల, నీళ్లున్న నేల అన్నారు. ఉలవపాడు అంటే మామిడి, సపోటా అని ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఎవరికైనా తెలుసు, హైవే పక్కన బుట్టలు చూసినవాడికి సాక్ష్యం అక్కర్లేదు. ధర గురించి మాట్లాడితే బేరం మొదలైనట్టే. నేల గురించి మాట్లాడితే, అసలు ఇక్కడే ఎందుకు అన్న ప్రశ్నకు అవతలివాడు జవాబు వెతుక్కోవాలి.

అదే హైవే చుట్టుపక్కల 2021 నవంబరులో ఇంకో రకం నిరసన నడిచి వెళ్లింది. అమరావతి రైతులు తుళ్లూరు నుంచి తిరుపతికి చేసిన పాదయాత్ర. పేరు ‘న్యాయస్థానం నుంచి దేవస్థానం’. పేరులోనే పథకం ఉంది. ఆ రైతుల అసలు ఇబ్బంది, వాళ్ల సమస్య మిగతా జిల్లాలకు పరాయిది. ఇరవై తొమ్మిది గ్రామాల భూముల గొడవ మనకెందుకు అనేవాడు ఒంగోలులోనూ ఉన్నాడు, నెల్లూరులోనూ ఉన్నాడు. ఊరేగింపుగా వస్తే తలుపేసుకునే మనిషి కూడా తిరుపతికి నడిచివెళ్లే ఆడవాళ్లు వాకిట్లోకి వస్తే మజ్జిగ ఇవ్వకుండా ఉండలేడు. మజ్జిగ ఇచ్చాక రెండు మాటలు వింటాడు. మెళ్లో ఆకుపచ్చ కండువా, ముందు దేవుడి రథం. ప్రకాశం జిల్లా చదలవాడ దగ్గర లాఠీలు లేచిన రోజున, ఎన్నికల కోడ్ అని పోలీసులు ఏ కారణం చెప్పినా, చూసినవాళ్ల కళ్లకు అది భక్తుల మీద లాఠీలాగే కనబడింది. రాజధాని ఎక్కడుండాలన్న దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, ఆ గొడవ ఇక్కడొద్దు. పద్ధతిగా చూస్తే, ‘మా’ సమస్యను ‘మన’ నడకగా మార్చడానికి అంత ఆలోచించి చేసిన ప్రయత్నం ఈ మధ్య నేను చూడలేదు.

విలేకరిగా నాకు బాగా తెలిసిన శ్రోత ఇంకొకటి ఉంది, జిల్లా పేజీ. 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు రాష్ట్రమంతా సమ్మెకు దిగారు. 42 రోజులు. మధ్యలో సమ్మెను నిషేధించే అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించారు, అయినా లేవలేదు. అన్ని రోజులు అదే టెంటు, అవే డిమాండ్లు. మూడో రోజుకే డెస్కు నుంచి ఫోన్ వస్తుంది, "కొత్తగా ఏముందయ్యా?" అని. అందుకని ఒకరోజు మోకాళ్ల మీద నిలబడతారు, ఒకరోజు కళ్లకు గంతలు, ఒకరోజు రోడ్డు మీదే వంటావార్పు, ఇంకోరోజు భిక్షాటన. వీటిని మేము ‘వినూత్న నిరసన’ అని శీర్షిక పెట్టి వేస్తాం. ఇరవయ్యోసారి వినూత్నం ఏమిటో నన్నడక్కండి. ఇవన్నీ ఫొటో కోసమే అని తీసిపారేయడం మాత్రం నాకు ఒప్పు అనిపించదు. ఫొటో పడిన రోజున పక్క మండలం టెంటులో కూర్చున్న ఆయాకు ధైర్యం వస్తుంది. సమ్మె నిలబడేది ఆ ధైర్యం మీదే. ప్రభుత్వం విన్నది మాత్రం వేరేది. కేంద్రాలకు తాళాలు పడ్డాయి, పసిపిల్లల తల్లులు అడుగుతున్నారు, నాలుగు నెలల్లో ఎన్నికలు. 2024 జనవరి 22 రాత్రి చర్చల్లో ఒప్పందం కుదిరింది. అదే సమ్మె ఎన్నికలైన రెండో నెలలో చేసి ఉంటే 42 రోజులు కాదు, 80 రోజులు పట్టేదని నా అంచనా. గోపాలకృష్ణయ్యకు లేని గడియారం వీళ్ల చేతిలో ఉంది.

ఇక ఆ బిందెల వరస. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఎవరూ నినాదం చెయ్యలేదు. గేటులోంచి వచ్చే ప్రతి జీపూ బిందెల్ని తప్పించుకుని వెళ్లాల్సి వచ్చింది, డ్రైవర్లు దిగి, "అమ్మా, కాస్త జరపండి" అని బతిమాలుకున్నారు. జరిపారు, జీపు పోగానే మళ్లీ అక్కడే పెట్టారు. లోపలి అధికారి ఒకాయన మూడింటప్పుడు బయటికొచ్చి, సంఘం పేరేంటి, ప్రెసిడెంట్ ఎవరు అని అడిగాడు. సంఘం లేదు, ప్రెసిడెంట్ లేదు. ఎవరితో మాట్లాడాలో తెలియక ఆయన మొదటి బిందె పక్కనున్న ముసలమ్మ ముందు గొంతుక్కూర్చుని మాట్లాడాడు. నేను తీసిన ఫొటోల్లో మెయిన్ పేజీకి వెళ్లింది అదొక్కటే.

మర్నాడు ఆ కాలనీకి నీళ్ల ట్యాంకర్ పంపించారు. పైపులైను అడిగితే ట్యాంకర్ వచ్చింది. అది వీధి మొదట్లో ఆగీ ఆగకముందే ఎవరి బిందె వాళ్లు తీసుకుని పరిగెత్తారు, ముందు రోజంతా చెక్కుచెదరని వరస నిమిషంలో చెదిరిపోయింది. ముసలమ్మ బిందె నిండే సరికి ట్యాంకర్ అడుగంటింది. ఆమె నన్ను చూసి, "మళ్లీ సోమారం వస్తావా అబ్బాయా?" అంది. వెళ్లాను. ఆ సోమవారం ఏడు బిందెలు ఉన్నాయి.